అమ్మాయా, అబ్బాయా? – వీడియో ఆటలు అడిగే మొదటి ప్రశ్న

(ఒక మహిళా డిగ్రీ కళాశాలలో 'కొత్త మాధ్యమాలు – స్త్రీలు' అనే అంశంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వరకట్నం, గృహహింస, ఆస్తిహక్కు, పనిచోట లైంగిక వేధింపులు... ఇన్ని సమస్యలుండగా ఈవిడ వీడియో గేముల గురించి మాట్లాడటానికి వచ్చిందేమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు నేనూ ముందు అదే అన్నాను. అయితే నేను కొన్నేళ్ళుగా ఆడపిల్లల తీరిక సమయం మీద పనిచేస్తున్నాను. తీరిక గురించి అడిగితే ఆడపిల్లలు మొట్టమొదట చెప్పే మాట "మాకు తీరికెక్కడ మేడమ్" అని. కాసేపు కూర్చుని కబుర్లలో పడ్డాక ఒక్కొక్కటీ బయటికొస్తాయి. రాత్రి దుప్పట్లో పెట్టుకుని ఫోన్లో ఆడే ఆటలు అలా బయటికొచ్చినవే. ఆడపిల్లలు దాచిపెట్టుకునేది ఏదైనా సరే, దాన్ని కాస్త దగ్గరగా చూడాలని నా అభిప్రాయం.

ముందు నా సంగతి చెబుతాను. నేను చిన్నప్పుడు మా వీధిలో ఆడపిల్లలం అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ, వామనగుంటలు ఆడేవాళ్ళం. మగపిల్లలు గోళీలు, బిళ్ళంగోడు, ఆ తర్వాత క్రికెట్. మావి అరుగు మీద ఆటలు, వాళ్ళవి వీధి చివరి దాకా పోయే ఆటలు. అచ్చనగాయల్లో గాలిలోకి ఎగరేసిన కాయ కిందపడేలోగా నేలమీది కాయల్ని ఊడ్చి పట్టుకోవాలంటే చేతికీ కంటికీ ఎంత పొందిక కావాలో, వామనగుంటల్లో గింజలు ఎక్కడ ఆగుతాయో ముందే చూసుకోవాలంటే ఎంత లెక్క కావాలో మీకు తెలుసు. కానీ వాటిని 'నైపుణ్యం' అని ఎవరూ అనలేదు. పొద్దుపోవడానికి ఆడుకుంటున్నారు అనేవారు.

1990ల్లో మా ఇంటికి టీవీకి తగిలించుకునే ఆటపెట్టె వచ్చింది. మా అన్నయ్యకి కొన్నారు. అందులో మారియో ఆట ఉండేది. ఇద్దరు ఆడవచ్చు గానీ ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. మొదటివాడు చస్తే రెండోవాడి వంతు. అన్నయ్య మారియో, నేను అతని తమ్ముడు లుయిగీ. అన్నయ్యకి ఆట బాగా వచ్చు కనక తొందరగా చావడు. నాకు రాదు కనక చేతికందిన నిమిషానికే చస్తాను. రాదు కనక ఆడే సమయం తక్కువ. ఆడే సమయం తక్కువ కనక రాదు. ఇది చూసి మా అమ్మ "దానికి అలాంటివి పట్టుబడవులే" అని తేల్చేసింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఒక రకంగా ఈ సంగతే.

ఆ ఆటలో, అంటే 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో, ఒక ఆడమనిషి ఉంది. ఆమె రాకుమారి, చివరి కోటలో బందీ. ఆమెని విడిపించడమే ఆట. 1988లో అమెరికాలో వచ్చిన రెండో భాగంలో ఆ రాకుమారిని మనమే ఆడించవచ్చు. నలుగురు పాత్రల్లో ఒకరిని ఎంచుకోవాలి. వస్తువుల్ని పెరికి ఎత్తడంలో నలుగురిలోకీ నెమ్మది ఆమే. కానీ ఆమెకి ఒక విద్య ఇచ్చారు: ఎగిరినప్పుడు కాసేపు గాలిలో తేలగలదు. ఆ విద్య వల్ల కొత్తగా ఆట నేర్చుకునేవాళ్ళకి ఆమె చాలా అనుకూలమైన పాత్ర అయింది. అంతకు రెండేళ్ళ ముందే, 1986లో, 'మెట్రాయిడ్' అనే ఆట వచ్చింది. తల నుంచి పాదం దాకా లోహపు కవచం తొడుక్కున్న యోధుడిని మనం ఆడిస్తాం. ఆట త్వరగా ముగించగలిగితే చివర్లో కవచం తొలగి లోపలున్నది స్త్రీ అని తెలుస్తుంది. పేరు సామస్ అరన్. ఇంకా త్వరగా ముగిస్తే ఆమె ఒంటిమీద బట్టలు కూడా తగ్గుతాయి. మన నైపుణ్యానికి ఆ స్త్రీ శరీరమే బహుమానం అన్నమాట.

ఇవి కథలో, బొమ్మలో కనిపించే వివక్ష. దీని గురించి స్త్రీవాదులు చాలా రాశారు, 1996లో 'టూంబ్ రైడర్'తో లారా క్రాఫ్ట్ వచ్చాక మరీ రాశారు. నాకు అంతకంటే లోపల, అంకెల్లో దాగిన వివక్ష ఆసక్తిగా ఉంటుంది. పాత్రని తయారు చేసుకునే ఆటలన్నిటికీ తాత 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట. కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం, పెన్సిలు, పాచికలు చాలు. పాచికలు వేసి మన పాత్రకి బలం ఎంత, తెలివి ఎంత, చురుకు ఎంత అని 3 నుంచి 18 దాకా అంకెలు రాసుకోవాలి. 1976లో ఈ ఆటకి సంబంధించిన 'ది డ్రాగన్' అనే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. స్త్రీ పాత్రలకి వేరే పద్ధతి ఉండాలని అందులో ప్రతిపాదించారు. బలానికి తక్కువ పాచికలు వేయాలి. ఇతరుల్ని ఆకట్టుకుని నడిపించే శక్తికి గుర్తుగా ఉండే అంకె తీసేసి, దాని స్థానంలో 'అందం' అనే అంకె పెట్టాలి. నాయకత్వం పోయి అందం వచ్చింది! మన పెళ్ళి సంబంధాల మధ్యవర్తులకి ఈ లెక్క కొత్తదేం కాదు.

అది ప్రతిపాదన మాత్రమే. కానీ 1978లో అచ్చయిన 'అడ్వాన్స్‌డ్ డన్జన్స్ అండ్ డ్రాగన్స్' నిబంధనల పుస్తకంలోకి బలం మీద ఆంక్ష ఎక్కింది. 18 బలం వచ్చిన యోధులు మళ్ళీ నూరుపాళ్ళ పాచిక వేసి, 18 పైన ఇంకెంతో తేల్చుకోవాలి. మానవజాతి మగ యోధుడు 100 దాకా పోవచ్చు. స్త్రీ యోధురాలు 50 దగ్గర ఆగిపోవాలి. ఈ ఆటలో మంటలు కక్కే సర్పాలుంటాయి, చచ్చినవాళ్ళు లేచి నడుస్తారు, మంత్రం చదివితే మనిషి మాయమైపోతాడు. వీటన్నిటినీ నమ్మగలిగినవాళ్ళు ఆడమనిషికి మగవాడితో సమానంగా కత్తి ఎత్తే బలం ఉంటుందంటే మాత్రం 'వాస్తవికత దెబ్బతింటుంది' అన్నారు. 1988లో ఈ నిబంధనలతో 'పూల్ ఆఫ్ రేడియన్స్' అనే కంప్యూటర్ ఆట వచ్చినప్పుడు ఆంక్ష కూడా యంత్రంలోకి చేరింది. కాగితం మీదైతే ఎదురుగా కూర్చున్నవాళ్ళతో దెబ్బలాడి నిబంధన మార్చుకోవచ్చు. యంత్రంతో ఎవరు దెబ్బలాడతారు?

1989లో వచ్చిన రెండో కూర్పులో ఈ ఆంక్ష తీసేశారు. అంతటితో పోయిందా అంటే పోలేదు. 2002లో వచ్చిన 'మారోవిండ్', 2006 నాటి 'ఆబ్లివియన్' ఆటల్లో కూడా ఒకే జాతికి చెందిన స్త్రీ, పురుష పాత్రలకి మొదట ఇచ్చే అంకెలు వేరుగా ఉండేవి. వీటిలో ఒక మంచి సంగతి ఉంది. మనం ఏ పని ఎక్కువ చేస్తే ఆ నైపుణ్యమే పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి వస్తుంది, పరుగెత్తితే పరుగు వస్తుంది. అంటే పుట్టుకతో తేడా పెట్టారు గానీ సాధనతో దాన్ని దాటే వీలు ఉంచారు. అదే వరసలో 2011లో వచ్చిన 'స్కైరిమ్'లో ఆ పుట్టుక అంకెలనే ఎత్తేశారు. ఆటలో ఏ లోటూ వచ్చినట్టు లేదు.

ఇంకొక పద్ధతి వృత్తిని లింగానికి కట్టెయ్యడం. 2000లో వచ్చిన 'డయాబ్లో 2'లో విల్లంబు పట్టే అమెజాన్ స్త్రీ, మంత్రగత్తె స్త్రీ. గొడ్డలి పట్టే అనాగరిక యోధుడు, ధర్మయోధుడు, శవాల్ని లేపే మాంత్రికుడు పురుషులు. దూరం నుంచి కొట్టేది ఆడది, మీదపడి కొట్టేవాడు మగవాడు. ఆట బాగుంటుంది, నేనూ ఆడాను, కాదనను. 2012లో మూడో భాగం వచ్చేటప్పటికి ప్రతి వృత్తినీ స్త్రీగానో పురుషుడిగానో ఎంచుకునే అవకాశం ఇచ్చారు.

మరి ఎంపిక ఇస్తే సరిపోతుందా? ఇక్కడ ఖర్చు మాట ముందుకొస్తుంది. 2014లో యూబీసాఫ్ట్ అనే పెద్ద సంస్థ 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అనే ఆటని ప్రకటించింది. ఫ్రెంచి విప్లవ కాలపు పారిస్ కథ. నలుగురు కలిసి ఆడవచ్చు, నలుగురూ పురుషులే. స్త్రీలు ఎందుకు లేరని అడిగితే ఆమె కదలికలు, దుస్తులు విడిగా తయారు చెయ్యాలి, పని రెట్టింపవుతుంది అన్నారు. అదే వరసలో ముందు వచ్చిన ఆటకి పనిచేసిన జోనాథన్ కూపర్ అనే యానిమేటర్, అది ఒకటి రెండు రోజుల పని అని బహిరంగంగానే చెప్పాడు. వెర్సైల్స్‌కి నడిచి వెళ్ళి రాజునే వెనక్కి తీసుకొచ్చిన ఆడవాళ్ళ విప్లవం అది! ఆ విప్లవం మీద తీసిన ఆటలో ఆడమనిషిని నడిపించడం ఖర్చయిపోయింది. మన కార్యాలయాల్లో స్త్రీలకి మరుగుదొడ్డి కట్టమని అడిగినప్పుడు వినిపించే సమాధానం గుర్తొచ్చింది నాకు.

అదే సంస్థ 2018లో ప్రాచీన గ్రీసు నేపథ్యంగా 'ఒడిస్సీ' తెచ్చింది. అక్క కసాండ్రానో, తమ్ముడు అలెక్సియోస్‌నో ఎంచుకోవచ్చు. ఇద్దరికీ అవే నైపుణ్యాలు, అదే బలం. మంచిదేగా అనుకున్నాం. తీరా 2020లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ బయటపెట్టిందేమిటంటే, తయారుచేసినవాళ్ళు కసాండ్రా ఒక్కదాన్నే నాయికగా పెడదామనుకున్నారట. స్త్రీ నాయికలు అమ్ముడుపోరని పైనుంచి చెప్పాక అలెక్సియోస్ వచ్చాడట. ఎంపికలన్నీ మనకోసం ఇచ్చినవి కావు.

అమ్ముడుపోరు అనే ఈ మాటకి ఒక లెక్క చూపిస్తారు. 'మాస్ ఎఫెక్ట్' అనే ఆటలో కమాండర్ షెపర్డ్ అనే సైనికాధికారిని స్త్రీగానో పురుషుడిగానో ఎంచుకోవచ్చు. పదవి అదే, మాటలు దాదాపు అవే, నేర్చుకునే విద్యలూ అవే. స్త్రీ గొంతు ఇచ్చిన జెనిఫర్ హేల్ నటనని అందరూ మెచ్చుకున్నారు. అయినా ఆడేవాళ్ళలో 18 శాతం మందే స్త్రీ షెపర్డ్‌ని ఎంచుకున్నారని 2011లో ఆ సంస్థ చెప్పింది. 2007 నుంచి అట్టపెట్టె మీదా, ప్రకటనల్లోనూ చూపించింది ఎవరిని? పురుషుణ్ణి. కనపడని పాత్రని ఎవరూ ఎంచుకోలేదని ఫిర్యాదేమిటి? మూడో భాగానికి ఆమెని కూడా ప్రకటనల్లోకి తెచ్చారు. తేవడానికి ముందు ఆమె జుట్టు ఏ రంగుండాలి, ముఖం ఎలా ఉండాలి అని ఫేస్‌బుక్‌లో ఓట్లు వేయించారు. మగ షెపర్డ్‌కి ఈ పెళ్ళిచూపులు జరగలేదు. 2021లో పాత ఆటలన్నీ కలిపి మళ్ళీ విడుదల చేసినప్పుడు స్త్రీ పాత్రని తీసుకున్నవాళ్ళు 32 శాతం అయ్యారు.

ఎంచుకున్నవాళ్ళందరూ స్త్రీలేనని అనుకోకండి. చాలా ఆటల్లో మగవాళ్ళు స్త్రీ పాత్రని తీసుకోవడం మామూలు. ఎందుకంటే, "గంటల తరబడి వెనక నుంచి చూస్తూ ఆడాలి కదా, మగాణ్ణి ఎందుకు చూడటం?" అంటారు. నేను అడిగిన మగపిల్లలూ ఇదే చెప్పారు, సిగ్గుపడకుండా. 2014లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' మీద ఉత్తర అమెరికా పరిశోధకులు కొందరు ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళు చూసినవారిలో పురుషుల్లో 23 శాతం మంది స్త్రీ పాత్రతో ఆడారు. స్త్రీల్లో 7 శాతం మందే పురుష పాత్రతో ఆడారు. స్త్రీ వేషంలో ఉన్న ఆ పురుషుల మాటల్లో భావావేశం ఎక్కువైంది, ఆశ్చర్యార్థకాలు ఎక్కువయ్యాయి, పాత్రకి అందమైన జుట్టు పెట్టారు. కానీ కదలిక మాత్రం మారలేదు. స్త్రీ అంటే ఎలా మాట్లాడాలో వాళ్ళకో ఊహ ఉంది. ఎలా నడవాలో గుర్తు లేదు. మన వీధి నాటకాల్లో స్త్రీ వేషధారులు ముందు నేర్చుకునేది నడకే కదా!

ఎంపికే లేకపోతే ఏమవుతుందో కూడా ఒకచోట చూశాం. 'రస్ట్' అనే ఆట తయారీదారులు 2016లో ఒక పని చేశారు. ఆడేవాడి ఖాతా సంఖ్యని బట్టి యంత్రమే స్త్రీనో పురుషుణ్ణో చేసేస్తుంది, మార్చుకునే వీల్లేదు. బలంలో తేడా ఏమీ లేదు. అయినా ఒక ఉదయం లేచి చూసుకునేసరికి ఆడవాళ్ళయిపోయిన మగ ఆటగాళ్ళు గగ్గోలు పెట్టారు. తనది కాని శరీరంలో తనని పెట్టారని వాళ్ళ బాధ. అంతకుముందు ఆ ఆటలో ఉన్నవి పురుష శరీరాలే. వాటిలోనే ఆడుతూ వచ్చిన ఆడవాళ్ళ గురించి ఎవరూ గగ్గోలు పెట్టలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో ఇది ఇంత తేలిక కాదని ఒప్పుకుంటాను. తన శరీరాన్ని తాను ఎంచుకోగలిగిన ఒకే ఒక్క చోటు ఆట అయినప్పుడు, దాన్ని కూడా లాటరీ చెయ్యడం న్యాయమా? ఈ ప్రశ్న దగ్గర నా అభిప్రాయం ఇంకా ఊగుతూనే ఉంది.

ఇప్పుడు పాత్ర నైపుణ్యం నుంచి ఆడేవాళ్ళ నైపుణ్యానికి వద్దాం. "ఆడవాళ్ళకి దిక్కులు తెలియవు, వస్తువుని మనసులో తిప్పి చూడటం రాదు" అని మనస్తత్వ శాస్త్రంలోనూ ఒక పాత మాట ఉంది. 2007లో టొరంటో విశ్వవిద్యాలయంలో జింగ్ ఫెంగ్, ఇయన్ స్పెన్స్, జే ప్రాట్ ఒక ప్రయోగం చేశారు. ఆటలు అలవాటు లేని విద్యార్థులతో, స్త్రీలతోనూ పురుషులతోనూ, ఒక యుద్ధపు ఆట 10 గంటలు ఆడించారు. ముందూ వెనకా పరీక్ష పెట్టారు. ఇద్దరూ మెరుగయ్యారు, స్త్రీలు ఎక్కువ మెరుగయ్యారు, మధ్యనున్న తేడా బాగా తగ్గింది. కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్షించినా ఆ మెరుగు నిలిచే ఉంది. పాల్గొన్నవాళ్ళు కొద్దిమందే, దీన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను. కానీ 10 గంటలు! ప్రకృతి అని మనకి చెప్పిన తేడాలో ఎంతో భాగం 10 గంటల్లో కరిగిపోయింది.

2016లో త్సుయిహువా షెన్, రబీంద్ర రాటన్ తదితరులు ఇంకో పని చేశారు. వేలాదిమంది కలిసి ఆడే రెండు పెద్ద ఆటల్లో, ఒకటి అమెరికాది, ఒకటి చైనాది, ఆటగాళ్ళు మెట్టు మెట్టు ఎంత వేగంగా ఎక్కుతున్నారో యంత్రాలే రాసుకున్న చిట్టాల్ని తీసి చూశారు. పైపైన చూస్తే పురుషులే ముందున్నారు. ఎవరు ఎన్ని గంటలు ఆడారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే, స్త్రీలు పురుషులతో సమానంగానైనా ఎక్కుతున్నారు. నాకు వెంటనే మా ఇంటి టీవీ ముందు రెండో వంతు కోసం కూర్చున్న లుయిగీ కళ్ళముందు కనపడ్డాడు.

గంటలు ఎక్కడికి పోతున్నాయి మరి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 48.8 శాతం, స్త్రీలు 21 శాతం. తెలంగాణలో పురుషులు 57.4, స్త్రీలు 26.5. సర్వే తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, తన చేతిలో ఉండటం వేరు. నేను మాట్లాడిన ఆడపిల్లల్లో చాలామందికి ఫోన్ దొరికేది తమ్ముడు నిద్రపోయాక. అప్పటికి ఛార్జింగ్ ఎంత మిగులుతుందో అంతే ఆట. 'ఆటలు పాడుచేస్తాయి' అనే మాట ఇంట్లో ఇద్దరికీ చెబుతారు. కొడుకు విషయంలో అది సణుగుడు, కూతురి విషయంలో నిషేధం.

గంటలు దొరికినవాళ్ళకి ఇంకో గోడ ఉంది, అది గొంతు. జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ అనే పరిశోధకులు 'హేలో 3' ఆటలో ముందే రికార్డు చేసిన మామూలు మాటల్నే ఒకసారి పురుష గొంతుతో, ఒకసారి స్త్రీ గొంతుతో వినిపిస్తూ ఆడారు. పురుష గొంతుకి వచ్చినదానికి దాదాపు మూడింతలు తిట్లు స్త్రీ గొంతుకి వచ్చాయి. నాతో మాట్లాడిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఇదే సంగతి ఏ అధ్యయనమూ చదవకుండా చెప్పింది. హాస్టల్లో నలుగురి జట్టుగా తుపాకుల ఆట ఆడుతుంది. మొదట్లో స్త్రీ పాత్ర తీసుకుంది, మైకు పెట్టుకుంది. "ఆటలో పాత్ర ఆడదైతే ఫర్వాలేదు మేడమ్, మగవాళ్ళూ అదే పెట్టుకుంటారు. గొంతు ఆడదైతేనే కష్టం" అంది. తిట్లు కొన్ని. నంబరివ్వమని బతిమాలుకోవడం కొంత. ఆమెని అన్నిటికంటే మండించింది వేరే. గొంతు వినగానే జట్టులో కుర్రాళ్ళు "నువ్వు ఇంట్లోనే ఉండు, మందుల సంచి పట్టుకో, మాకు దెబ్బ తగిలితే లేపు" అనేవారట. తుపాకీ ఆమె పేల్చకపోతే గురి ఎలా కుదురుతుంది? ఆట ఆమె పాత్ర మీద ఏ ఆంక్షా పెట్టలేదు. 1978 నాటి ఆంక్షని జట్టువాళ్ళు చేత్తో మళ్ళీ రాశారు.

ఆమె ఇప్పుడు మగపేరుతో, పురుష పాత్రతో, మైకు కట్టేసి ఆడుతోంది. గురి బాగా కుదిరిందట. మొన్న ఒక ఆటలో చివరిదాకా మిగిలి గెలిపిస్తే జట్టువాళ్ళు "అన్నా, సూపర్ అన్నా" అన్నారట. చెప్తూ నవ్వింది. "నాకు సంతోషమేసింది మేడమ్, కానీ ఆ సంతోషం ఎవరిదో అర్థం కాలేదు" అంది.

ఆ హాస్టల్లో తనలా ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారేమోనని అడిగాను. తెలియదంది. అందరూ మైకు కట్టేసే ఆడితే ఎలా తెలుస్తుంది? పోయిన నెల మళ్ళీ కలిశాను. మెస్సు నోటీసు బోర్డు మీద ఒక చీటీ పెట్టిందట – రాత్రి భోజనాలయ్యాక ఆడేవాళ్ళు పై అంతస్తు వరండాలోకి రండి అని. మొదటి రోజు ఇద్దరు వచ్చారు, వారానికి ఏడుగురయ్యారు. నలుగురు ఆడపిల్లల జట్టు కుదిరింది. వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకునేలా పెట్టుకుని, మైకులు తెరిచి ఆడుతున్నారు. వార్డెన్ తొమ్మిదిన్నరకి వైఫై కట్టేస్తోంది. మగపిల్లల హాస్టల్లో అయితే పదకొండున్నర దాకా ఉంటుంది. ఆ రెండు గంటల కోసం వాళ్ళు ప్రిన్సిపాల్‌కి అర్జీ రాస్తున్నారు. అందులో 'ఆట' అని రాయాలా, 'చదువు' అని రాయాలా అని వాళ్ళలో వాళ్ళకి తగువు నడుస్తోంది. నన్నడిగితే ఆట అనే రాయమన్నాను. మీరేమంటారో చెప్పండి. ప్రశ్నలకి సమయం ఉంచమన్నారు కనక ఇక్కడ ఆపుతాను.